వినోద నవలలను గూర్చి యొక మాట

గత వర్షాకాలమున నొక సాయంకాలము బాలికల వసతిగృహములో చదువుగంట జరుగుచుండఁగా పర్యవేక్షణకై వెళ్ళితిని. పదవ తరగతి బాలిక యొకతె భూగోళశాస్త్ర పుస్తకమును ముఖమునకు దగ్గఱగా నెత్తిపట్టుకొని చదువుచుండెను. చదువుచు నడుమ నడుమ నవ్వుకొనుచుండెను. భూగోళము చదివి నవ్విన బాలికను నా యిరువదియేండ్ల యుద్యోగములో నేను చూచి యుండలేదు గనుక సందేహము కలిగి దాపునకుఁ బోయితిని. పటముల నడుమ అట్ట చినిగిన చిన్న పుస్తక మొకటి యుండెను. దానిని పుచ్చుకొని, "పరీక్షలు పెట్టుకొని నవలలు చదువుదువా?" యని నలుగురు వినునట్లు మందలించి, మఱునాఁ డుదయము నా గదికి రమ్మని చెప్పి వచ్చితిని. ఇంతవఱకు నేను చేసినది యే యుపాధ్యాయినియైనను చేయునదియే.

ఉపాధ్యాయిని చేయఁగూడని పని ఆ రాత్రి చేసితిని. పుస్తకము పిల్లలకుఁ దగునో తగదో చూచుట నా విధి యని నాకు నేనే నచ్చఁజెప్పుకొని రెండు పుటలు చదువ మొదలుపెట్టితిని. తొమ్మిది గంటలకుఁ దెఱచిన పుస్తకము పండ్రెండు దాఁటినను మూయలేదు. ఒకచోట బిగ్గరగా నవ్విన నవ్వునకు ప్రక్క గదిలోని సహోపాధ్యాయిని మేలుకొని, "ఒంట్లో బాగున్నదా, అక్కా?" యని గోడ తట్టెను. ఉదయమున ఆ బాలిక వచ్చి తలవంచుకొని నిలువఁబడఁగా శిక్షించుటకు నాకు మొగము చెల్లలేదు. "మధ్యాహ్నము రమ్ము" అంటిని. మధ్యాహ్నము "రేపు రమ్ము" అంటిని. నిజము చెప్పవలెనన్న, తుదిపుటలు ఇంకను మిగిలియుండెను.

ఆ పుస్తకము జీన్ వెబ్‌స్టర్ అను అమెరికా రచయిత్రి 1912వ సంవత్సరమునఁ బ్రకటించిన 'డాడీ లాంగ్ లెగ్స్'. ఇట్టి నవలల కొక జాతిలక్షణము కలదు. కథానాయిక పెండ్లికాని పడుచు. చేతిలోఁ గాసులు తక్కువ, నోటిలో మాటలు ఎక్కువ. లోకమంతయుఁ దనకుఁ దెలియుననుకొనును, పొరపడును, మనము నవ్వుదుము, తుదకు తన పొరపాటు తానే కనుఁగొనును. నడుమ నొక పురుషుఁడు తటస్థించును. మొదట నతఁడు సరిపడఁడు, పిదప సరిపడును. పెండ్లితోఁ గథ ముగియును. ఇట్టి వానిని చదువువారు మెండు. చదివితిమని చెప్పుకొనువారు అరుదు. నేనును నిన్నమొన్నటివఱకు ఆ రెండవ గుంపులోనిదాననే. నా పెట్టెలో గోధుమరంగు కాగితపు అట్టలు వేసిన పుస్తకములు కొన్ని కలవు. వానిపై పేళ్లు వ్రాసియుండవు.

వీనిపైఁ జెప్పఁబడు నాక్షేపణలు నాకుఁ గంఠస్థములు. ఏలయన ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నుండఁగా వానిని నేనే వ్యాసముగా వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిని. కాలము వ్యర్థమగును, బుద్ధి మందగించును, లేనిపోని యాసలు కలుగును, ఇంటిపని చెడును – అన్నియు వరుసగా వ్రాసితిని. ఆ వారమే మా గదిలోని నలుగురమును ఒకే ప్రతిని వంతులు వేసికొని జేన్ ఆస్టెన్ రచించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదువుచుంటిమి. అది పాఠ్యగ్రంథము గనుక దోషము లేదనుకొంటిమి. ఒక పుస్తకము పాఠ్యప్రణాళికలోఁ జేరినంతనే దాని పాపము లన్నియుఁ గడిగివేయఁబడుట నాకు నేఁటికిని వింతగానే యున్నది. 1813లో వెలువడిన ఆ నవలయు పెండ్లికాని యక్కచెల్లెండ్ర యైదుగురి కథయే గదా! నాఁడు దానిని పాఠముగాఁ జదివినవారు లేరు, ప్రొద్దుపోవుటకే చదివిరి.

ఆ రచయిత్రికిఁ దన పుస్తకములపై నెట్టి చిన్నచూపు కలదో బాగుగాఁ దెలియును. 'నార్తాంగర్ ఆబీ' యను నవలలో నామె కథను మధ్య నాపి, నవలలను నిందించువారిని గట్టిగానే యెత్తిపొడిచెను. పడుచులు నవల చదువుచు పట్టుపడినప్పుడు, అది యుత్త నవలయే యని చెప్పి సిగ్గుతోఁ బ్రక్కనఁబెట్టుటను ఆమె యందుఁ జూపెను. ఆ గ్రంథపుఁ జరిత్రయు నటువంటిదే. 1803లో నొక ప్రచురణకర్త దానిని పది పౌనులకుఁ గొని, అచ్చువేయక మూలఁబడవైచెను. పదుమూఁడేండ్లకు ఆ పది పౌనులే చెల్లించి వారు దానిని తిరిగి తెచ్చుకొనిరి. 1817 జూలైలో నామె మరణించెను. పుస్తకము ఆ డిసెంబరులో వెలువడెను. భూగోళ పుస్తకము చాటున నవల పెట్టుకొన్న మా బాలికకు రెండు వందల యేండ్ల వెనుకటి బంధువు లున్నారని నేనా సంగతి తలఁచుకొని మెత్తఁబడితిని.

ఇఁక నా బాలికను అంతగా నవ్వించిన దేదో చెప్పవలయును. 'డాడీ లాంగ్ లెగ్స్' కథానాయిక యనాథ. అనాథశాల యధికారిణి టెలిఫోను పుస్తకపు మొదటి పుటనుండి యింటిపేరును, సమాధిరాతినుండి సొంతపేరును దీసి యామెకు జెరూషా అబ్బట్ అని పేరు పెట్టినది. ఆ పేరు గిట్టక జూడీ యని మార్చుకొన్నది. నెలకొక బుధవారము అనాథశాల ధర్మకర్తలు చూడవత్తురు. ఆ దినమునఁ బిల్లలను తోమి, దువ్వి, బొత్తాములు పెట్టి, వరుసగా నిలుపుట యామె పని. ఆ బుధవారమును వెక్కిరించుచు నామె యొక వ్యాసము వ్రాసినది. దానిని విని ధర్మకర్తలలో నొకఁడు నవ్వెను. నవ్వి, ఆమె రచయిత్రి కాఁదగునని కళాశాల చదువునకు ధన మియ్య నొప్పుకొనెను. తన పేరు చెప్పఁడు, నెలకొక యుత్తరము వ్రాయవలెనని మాత్రము కోరును, ప్రత్యుత్తర మీయఁడు. గోడపైఁ బడిన పొడవుకాళ్ళ నీడ తప్ప నామె యాతని నెఱుఁగదు. అందుచేత నతనిని పొడవుకాళ్ళ పురుగు పేరుతోఁ బిలుచుచు ఉత్తరములు వ్రాయును. పుస్తకమంతయు దాదాపు ఆ యుత్తరములే.

మా వసతిగృహములోని పిల్లలలోఁ గొందఱకుఁ గడలి కావల నున్న దాతలు చదువునకు సాయము చేయుదురు. క్రిస్మసునకు ముందు వారికి ఉత్తరములు వ్రాయించుట మా పని. "మీరు క్షేమమని తలంచుచున్నాను, నేను బాగుగాఁ జదువుచున్నాను, మీకొఱకుఁ బ్రార్థించుచున్నాను" – ఈ మూఁడు వాక్యములను నేను నల్లబల్లపై వ్రాయుదును, వారు దింపుకొందురు. ఇరువదియేండ్లుగా నట్లే జరుగుచున్నది. జూడీయో, తన దాతను నీవు బట్టతలవాఁడవా యని యడుగును! ఉత్తరములలో బొమ్మలు గీయును. ఆ బొమ్మలును రచయిత్రి గీసినవే. నేను గోడ యవతలివారికి వినఁబడునట్లు నవ్వినది ఆ బట్టతల దగ్గఱనే.

అయితే ఆ బాలిక నవ్విన చోటు వేఱు. తరువాత నడిగి తెలిసికొంటిని. జూడీ కళాశాలలోఁ జేరిన క్రొత్తలో నుపాధ్యాయులు మైకెలాంజిలో అను పేరెత్తఁగా, ఆ యిటలీ శిల్పి యెవఁడో తెలియక, ప్రధాన దేవదూతలలో నొకఁడనుకొనును. తరగతి యంతయు నవ్వును. ఇంటిలోఁ బెరిగిన పిల్లలు ఎవరును నేర్పకయే నేర్చుకొను సంగతులు అనాథశాలలోఁ బెరిగినదానికిఁ దెలియవు. ఆమె రాత్రులు కూర్చుండి, ఇతరులు చిన్ననాఁడే చదివిన పుస్తకములను దొంగతనముగాఁ జదివి లోటు తీర్చుకొనును. ఇంకొక చోట, బీదలకై వచ్చిన పాత బట్టలు తొడుగుకొని బడికి వెళ్ళిన దినములను దలఁచుకొనును. ఆ గౌను మొదట నెవరిదో ఆ పిల్ల ప్రక్కనే తన చోటు పడునని భయపడెడిదానినని వ్రాయును. ఆ పుటకు మూల మడిచియుండెను. మడిచినది ఆ బాలికయే. మాకును పెట్టెలతో బట్టలు వచ్చును. పంచిపెట్టునది నేనే. ఆ బట్టలు వేసికొన్న పిల్ల యేమి తలఁచునో, బాలమనస్తత్త్వ శాస్త్రములో నుత్తీర్ణురాలనైన నాకు ఈ యుత్త నవల చెప్పవలసివచ్చినది. ఏడ్పించు పుస్తకము చెప్పియున్నచో ఆమె మూసిపెట్టియుండును. నవ్వించుచుఁ జెప్పినది గనుక భూగోళము చాటున నైనను చదివినది.

తేలిక పుస్తకములనఁగా బరువులేనివని చాలమంది తలంచుట యిందుచేతనే తప్పు. మా విద్యార్థినులు పెద్దతరగతులలో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదువునప్పుడు దానిలోని లెక్కలను వదలి మాటలను మాత్రమే చూతురు. లెక్కలు చూడుఁడు. ఆ తండ్రికి నేఁటికి రెండువేల పౌనుల యాదాయము గల భూమి యున్నది. కొడుకులు లేనందున ఆయన తరువాత నది దూరపు బంధువగు కాలిన్సునకుఁ బోవును. ఐదుగురు కూఁతుండ్రకును ఇల్లు సైతము మిగులదు. ఆ కాలిన్సే వచ్చి నడిమి మూర్ఖత్వముతో నెలిజబెత్తును పెండ్లాడుదుననును. ఆమె వలదనును. మనము నవ్వుదుము, కాని వలదన్నది తన కప్పును తానే త్రోసివేసికొన్నది. మూఁడు దినములలో నామె స్నేహితురాలు షార్లట్ ఇరువదియేడేండ్ల వయసునఁ ఆ మనుష్యునే యొప్పుకొనును. ప్రేమ యున్నదని కాదు, ఇల్లు దొరకునని. షార్లట్‌ను రచయిత్రి తిట్టదు, మెచ్చదు. ఆ యింటిలో భర్తను తోటపనికిఁ బంపి, తనకు వేఱొక గదిని ఏర్పఱుచుకొని, నెమ్మదిగా బ్రతుకుటను జూపి యూరకుండును. ఆ గది గుఱించి నేను తరగతిలో నొక గంట చెప్పఁగలను. చెప్పినను పరీక్షలో నడుగరని పిల్లలకుఁ దెలియును.

ఆస్టెన్ యీ మాటలు దూరముగా నిలిచి వ్రాయలేదు. ఆమె గురువుగారి కూఁతురు, అనఁగా చర్చి సేవకుని కూఁతురు, సొత్తు లేదు. 1802 డిసెంబరులో నొక భూస్వామి కుమారుఁడు పెండ్లి కడిగెను. సాయంకాలము సరే యన్నది. తెల్లవాఱి లేచి కాదన్నది. ఆ రాత్రి యేమి యాలోచించినదో మన కెవ్వరును చెప్పలేరు. పిదప పెండ్లాడలేదు. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' హక్కులను నూటపది పౌనులకు అమ్ముకొన్నది. కథలోని డార్సీ యాదాయము నేఁటికి పదివేలు!

ఈ నవలలపై నా పక్షపాత మింత చెప్పితిని గనుక వానితో నాకుఁ గల తగవును జెప్పుట న్యాయము.

జూడీ కథలో నా దాతయే తుదకు వరుఁడగును. తానే దాతనని చెప్పక, స్నేహితురాలి పినతండ్రిగా వచ్చి, తన్ను గుఱించి యామె వ్రాసిన యుత్తరములను దానే చదువుచుండును. ఆమె స్నేహితురాలి యింటివారితో సెలవులకుఁ బోఁదలఁచినపుడు దాత హోదాతోఁ గూడదని యాజ్ఞ పంపును. రచయిత్రి దీనిని ముద్దుగాఁ జూపినది; నాకు ముద్దుగాఁ దోఁచలేదు. ఉత్తరముల వసతిగృహములోఁ బనిచేయుదానికి అది యెట్లు ముద్దుగాఁ దోఁచును? అయినను జూడీ లొంగిపోవునది కాదు. అతఁడు వలదన్న విద్యార్థివేతనమును దీసికొన్నది. ఐరోపా యాత్ర కంపుదునన్న మానుకొని పిల్లలకుఁ బాఠములు చెప్పి జీతము తెచ్చుకొన్నది. నవల యమ్ముడుపోఁగానే వేయి డాలర్లు ఋణములోఁ జెల్లువేసినది. పుస్తకము మూసినపిదప నాకు జ్ఞాపకముండునది ఆ పెండ్లి కాదు, ఆ వేయి డాలర్లు.

ధనవంతుఁడగు వరుఁడు మన నవలలకును గ్రొత్త కాఁడు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' హాస్యనవల కాదు గాని, పెండ్లికాని పడుచు జీతమునకై యుద్యోగములోఁ జేరి ధనవంతుఁడగు యజమానితో మాటకు మాట చెప్పు కథయే. 1960లలో వెలసి, 1976లో చలనచిత్రమైనది. మా యమ్మ వారపత్రికలలో వచ్చు నిట్టి ధారావాహికల పుటలను గత్తిరించి, బియ్యపుసంచులు కుట్టు దబ్బనముతోఁ గుట్టి, బీరువాలో చీరల క్రింద దాఁచుకొనెడిది. మధ్యాహ్నము రెండు మొదలు మూఁడున్నర వఱకు ఆమెను బిలువఁగూడదు. మా నాన్నగారు, "ఆ కారు వచ్చినదా? ఆ యాఱడుగులవాఁడు దిగినాఁడా?" యని వేళాకోళము చేసెడివారు. విమర్శకులును అదియే కొంచెము పెద్దమాటలతో ననిరి. వేళాకోళమునకు న్యాయము లేకపోలేదు; అంతమంది యాఱడుగులవారు మన దేశమున లేరు. కాని అమ్మ వరుని కొఱకుఁ జదివెడిది కాదనియు, జయంతి వంటి పిల్ల నెలజీతము తన చేతఁ బుచ్చుకొనుట చూచుటకుఁ జదివెడిదనియు నాకుఁ దరువాతఁ దెలిసినది. నేను శిక్షణ కళాశాలకు దరఖాస్తు పెట్టినపుడు ఇంటిలో వాదించినది ఆమెయే.

నాకిపుడు నలువదినాలు గేండ్లు. పెండ్లి కాలేదు. ఈ మాటను వార్షిక సంచికలో వ్రాయవలెనా యని రెండు దినము లాలోచించితిని. ఊరిలో అందఱకును దెలిసినదే గనుక వ్రాసితిని. ఇట్టి నవలలతో నా యసలు తగ విచ్చట నున్నది: ఇరువదియేండ్ల పడుచుతోఁ గలిసి నవ్వు పుస్తకము, నలువదియేండ్ల దానినిఁ జూచి నవ్వును. 1815లో వెలువడిన ఆస్టెన్ నవల 'ఎమ్మా'లో మిస్ బేట్స్ అను నొకామె కలదు. గతించిన చర్చి గురువు కూఁతురు, నడివయసు, ముసలి తల్లి, తఱుగుచున్న యాదాయము. మాటలాడ మొదలిడిన ఆపదు. మొదటిమారు చదివినపుడు ఆమె మాటలకు నేను కడుపుబ్బ నవ్వితిని. రెండవమారు చదువునప్పటికి నాకు ముప్పదియెనిమిది. బాక్స్ హిల్ కొండపై వనభోజనమునాఁడు, ఒక్కొక్కరు తెలివైనది యొకటి గాని, తెలివిలేనివి మూఁడు గాని చెప్పవలెనని యాట పెట్టుదురు. మూఁడు తెలివిలేనివి తనకు సులభమని మిస్ బేట్స్ తన్నుఁ దానే నవ్వుకొనును. వెంటనే ఎమ్మా, మూఁటితో నాపుటయే మీకుఁ గష్టమను భావముతో నొక మాట విసరును. పెద్దామె మొగము ఎఱ్ఱఁబడును. నేనచటఁ బుస్తకము మూసి, ఆ రాత్రి మఱి తెఱవలేదు. బంధువుల పెండ్లిండ్లలో నాకును నిట్టి మాటలు తగిలినవి. విసరినవారు నవ్వించుటకే విసరిరి.

మఱునాఁడు తెఱచితిని. ఆ తరువాతి పుటలో నైట్లీ యను స్నేహితుఁడు ఎమ్మాను నిలువఁబెట్టి మందలించును: ఆమె బీదరాలు, నీకంటెఁ బెద్ద, నీవు చేసినది చూచి నలుగురును నేర్తురని. ఎమ్మా బండిలో ఇల్లు చేరువఱకు నేడ్చును. ఉదయముననే క్షమార్పణకుఁ బోవును. నవ్వించు పుస్తకము తన నవ్వునకే తీర్పు తీర్చుకొన్న చోటు అది. అప్పటివఱకు మిస్ బేట్స్‌ను జూచి నవ్విన పాఠకులమందఱమును ఆ బండిలోనే కూర్చుంటిమి. గంభీర గ్రంథములలో నీతి చెప్పిన చోట్లు నేను మఱచితిని గాని దీనిని మఱవలేదు.

ఆపై నాకు మేలు చేసినది బార్బరా పిమ్ అను నాంగ్ల రచయిత్రి. ఆమె 'ఎక్సలెంట్ విమెన్' 1952లో వెలువడినది. మిల్‌డ్రెడ్ లాత్‌బరీ ముప్పది దాఁటిన యవివాహిత, చర్చి గురువు కూఁతురు. యుద్ధానంతరపు లండనులో సరుకులకుఁ జీటీలు నడచుచున్న కాలము. ఆమె యింటిలో స్నానపుగది ప్రక్కవారితో ఉమ్మడి. పెండ్లికానిది గనుక తీరిక యున్నదని తలఁచి యందఱును తమ తగవులు, సామానులు, పాత బట్టల యమ్మకములు ఆమెపై వేయుదురు. కష్టము వచ్చిన ప్రతిచోట నామె టీ కాచును. ఈ పుస్తకము నేను వ్రాసితినేమో యని నాకుఁ దోఁచెను! మా యూర సంఘములో భోజనముల లెక్క, పువ్వుల పని, ఆదివారపు బడి, ఎవరికి రావలసినవి? "టీచరుగారికి ఇంటిలో ఎవరున్నారు గనుక, పని యేమి?" యందురు. మిల్‌డ్రెడ్ నోరు మెదపదు గాని లోపల నన్నియు గమనించుచుండును. ఆ గమనింపే హాస్యము. తుదిలో నొక పండితుఁడు ఆమె నడుగును. ఏమని? తన గ్రంథపు అచ్చుతప్పులు దిద్ది పదసూచిక తయారుచేయుమని! అంతటితోఁ బుస్తకము ముగియును. నవ్వవలెనో నిట్టూర్పవలెనో రచయిత్రి మనకే విడిచినది.

పిమ్ కూడ పెండ్లాడలేదు. ఆఱు నవలలు ప్రకటించిన తరువాత 1963లో ఏడవదానిని ప్రచురణకర్తలు త్రిప్పి పంపిరి. పదునాలుగేండ్లు ఆమె పుస్తక మేదియు వెలువడలేదు. 1977లో నొక సాహిత్య పత్రిక, తగిన గౌరవము పొందని రచయిత లెవరని పెద్దల నడుగఁగా, కవి ఫిలిప్ లార్కినును, విమర్శకుఁడు లార్డ్ డేవిడ్ సెసిలును వేఱువేఱుగా నామె పేరే చెప్పిరి. ఆ యేఁటనే ఆమె నవల బుకర్ బహుమానపుఁ దుదిజాబితాలోనికి వచ్చినది. 1980లో మరణించెను. తేలిక నవలలు వ్రాయుటయు తేలిక కాదు.

ఈ జాతిలో నిటీవలివి గలవు. హెలెన్ ఫీల్డింగ్ 1995లో నొక దినపత్రికలో వ్రాసి 1996లోఁ బుస్తకముగాఁ దెచ్చిన బ్రిడ్జెట్ జోన్స్ దినచర్య అందు ప్రసిద్ధము. ఆస్టెన్ కథనే తీసికొని, వరునికి డార్సీ యను నింటిపేరును సైతము ఉంచినది. ఆ యువతి ప్రతిదినము తన బరువును, కాల్చిన సిగరెట్లను, త్రాగిన మద్యమును లెక్క వ్రాసికొనును. పెద్దలు చదివి నవ్వవచ్చును. బడి బీరువాలో నేను పెట్టను. బరువు లెక్కలు పదునైదేండ్ల పిల్లలకు నేర్పనక్కఱలేదు, ఫోనులు చూచి వారప్పుడే నేర్చియున్నారు. నవలలన్నియు మంచివని నేను వాదించుట లేదు. పనికిమాలినవి నూటికిఁ జాల యుండును. ఆ మాట కవిత్వమునకును జెల్లును.

సహోపాధ్యాయులకు నా విన్నప మొక్కటే. గ్రంథాలయ బీరువాలో విజ్ఞానచరిత్రల ప్రక్కన నీ పుస్తకములకు ఒక యర యియ్యుఁడు. తాళము వేయకుఁడు. పిల్ల యేమి చదివి నవ్వినదో అడుగుఁడు; మందలించుటకుఁ గాదు, మనకుఁ దెలియుటకు. ఇది నేను నేర్చుకొన్నది చాల ఆలస్యముగా.

నాలుగవ దినమున ఆ బాలికను బిలిచి పుస్తకము తిరిగి యిచ్చితిని. చదువుగంట తరువాతఁ జదువుకొమ్మంటిని. ఆమె నన్నుఁ దేఱిచూచి, "మీరంతా చదివితిరా, టీచరుగారూ?" యని యడిగెను. చదివితి నంటిని. కొంత తడవు నిలిచి, "జూడీ వెళ్ళిపోయినది, మఱి ఆ అనాథశాలలో మిగిలిన పిల్ల లేమైరి?" యన్నది. నాకు ఆ ప్రశ్న తట్టలేదు. వరుఁడు తగినవాఁడా కాఁడా యని నాలుగు దినములు తర్కించుకొన్నాను గాని, మిగిలిన పిల్లలను గుఱించి తలంచినదానను గాను.

వారి కథయు నున్నది. అదే రచయిత్రి 1915లో 'డియర్ ఎనిమీ' యని రెండవ పుస్తకము వ్రాసెను. జూడీ స్నేహితురాలు సాలీ, పెండ్లికానిది, ఆ యనాథశాల నడుపుటకు వచ్చి, గోడల రంగు మొదలు గంజి వఱకు మార్చును. నవ్వులు మెండుగా నున్నవి. నచ్చని సంగతియు నొకటి కలదు: బుద్ధిమాంద్యమును నేరబుద్ధియు రక్తములోనే దిగునని ఆ కాలపు వంశశాస్త్రము చెప్పిన మాటలను అందలి వారు నమ్ముదురు. ఆ శాస్త్రము తప్పని తరువాతఁ దేలినది. అనాథ బాలిక చేతి కా పుటలను ఊరక యియ్యలేను. ప్రక్కన కూర్చుండి చెప్పి యియ్యవలయును. అందుకై ముందు నేనే చదువుచున్నాను.

ఈ క్రిస్మసునకు నల్లబల్లపై నేనేమియు వ్రాయలేదు. ఎవరికిఁ దోఁచినది వారు వ్రాయుఁడంటిని. కొందఱు పాత మూఁడు వాక్యములనే జ్ఞాపకమునుండి వ్రాసిరి. ఆ బాలిక మాత్రము నాలుగు పుటలు వ్రాసి, చివర నొక బొమ్మ గీసినది. కొప్పు ముడి, కండ్లద్దములు, చేతిలో పెద్ద భూగోళ పుస్తకము. దాని వెనుక నింకొక చిన్న పుస్తకపు అంచు. క్రింద పేరు వ్రాయలేదు. నేను దానిని మడిచి కవరులోఁ బెట్టి తపాలాకుఁ బంపితిని. 'డియర్ ఎనిమీ' సగము పైగా నైనది. ఆ బాలిక యిప్పటికి రెండుమారులు వచ్చి యడిగిపోయినది.